కేసెట్టు రెండో వైపు



పోయిన వారం ఏమీ రాయలేదేమని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. మందిరానికీ, మేముంటున్న ఇంటికీ సున్నాలు వేయిస్తున్నాం. అటక మీది సామాను దించి, దులిపి, మళ్ళీ ఎక్కించేసరికి వారం కాస్తా గడిచిపోయింది. ఈ వారం రాయాల్సిన సంగతి కూడా ఆ సామానులోనే దొరికింది.

ట్రంకు పెట్టె అడుగున పాత క్యాలెండర్లు, ఎప్పటివో ఉజ్జీవ కూటాల కరపత్రాలు, వాటి కింద ఓ పాతిక కేసెట్లు ఉన్నాయి. ఎక్కువ భాగం ప్రసంగాలు, మన పాటలు. ఒకదాని మీద మాత్రం నీలం ఇంకుతో మా చేతిరాత: కాన్సాస్, పాయింట్ ఆఫ్ నో రిటర్న్. అమ్మగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వాక్యమా, పాటలా?" అన్నారు. పాటలే అన్నాం. "మన పాటలేనా?" అన్నారు. ఆ రెండో ప్రశ్నకు నిచ్చెన మీద నిలబడి జవాబు చెప్పలేకపోయాం. అది కాస్త పొడుగు జవాబు.

1993లో మేము గుంటూరు ఏ.సి. కాలేజీలో డిగ్రీ చదువుతున్నాం. రూములో నలుగురం. అందులో ఒకతని బావ అమెరికా నుంచి వస్తూ కొన్ని కేసెట్లు తెచ్చాడు. మిగతావి ఏమయ్యాయో గుర్తు లేదు గాని, ఇది ఒక్కటి మా చేతికి వచ్చింది. బ్రాడీపేటలో ఒక రికార్డింగ్ సెంటర్‌కు వెళ్ళి, 60 నిమిషాల ఖాళీ కేసెట్టు కొని, దాంట్లోకి ఎక్కించుకున్నాం. ఆ రోజుల్లో ఇంగ్లీషు పాటలు వింటున్నామని చెప్పుకోవడం కూడా ఒక హోదా. అర్థమైంది తక్కువ, తలాడించింది ఎక్కువ.

ఈ కాన్సాస్ అనేది అమెరికాలో టొపీకా అనే ఊరి కుర్రాళ్ళ బృందం. వాళ్ళ రాష్ట్రం పేరే బృందానికి పెట్టుకున్నారు. గోధుమ పొలాలు, మైదానాలు, గాలిదుమారాలు ఉన్న చోటు అది. 1930లలో ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో పొలాల పైమట్టి మొత్తం లేచిపోయి, పట్టపగలు చీకటి కమ్మేదట. ఎండాకాలం రెంటచింతల వైపు ప్రయాణం చేసినవాళ్ళకి ఆ దృశ్యం వేరే వివరించనక్కర్లేదు.

వాళ్ళు వాయించేదాన్ని ప్రోగ్రెసివ్ హార్డ్ రాక్ అంటారు. ఇది చదివే పెద్దవాళ్ళు కంగారు పడకండి. హార్డ్ రాక్ అంటే కరెంటు గిటార్లు, డ్రమ్ములు, మోత. దానికి ముందు ప్రోగ్రెసివ్ అని చేరితే ఆ మోతకు కథ నడక వస్తుంది. మూడు నిమిషాల్లో పల్లవి, చరణం, పల్లవితో ముగిసిపోదు. మన వైపు బుర్రకథ విన్నవాళ్ళకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. తంబురా మీద నెమ్మదిగా ఎత్తుకుంటారు, గుమ్మెట్లు అందుకుంటాయి, ఉన్నట్టుండి వేగం, మళ్ళీ ఉన్నట్టుండి శోకం, నడుమ ఓ మాట. కారెంపూడిలో కార్తీకంలో పల్నాటి వీరుల కథ పాడేవాళ్ళు రాత్రిళ్ళ తరబడి అలాగే నడుపుతారు. ఈ బృందంలో రాబీ స్టైన్‌హార్ట్ అనే ఆయన వయొలిన్ వాయించేవాడు. రాక్ బృందంలో వయొలిన్ అరుదు. మాకు మొదట చెవి నిలిచింది ఆ వయొలిన్ దగ్గరే. అది మన కచేరీల్లో వినపడే వాద్యం కదా, ఎవరో తెలిసినవాళ్ళు పరాయి ఊళ్ళో ఎదురుపడినట్టు అనిపించింది. నిజానికి అది వాళ్ళ దేశాల నుంచే మన దక్షిణాదికి వచ్చి మనదైపోయిందని తర్వాత తెలిసింది.

ఇంకో మాట. ఈ రకం సంగీతంలో లెక్క ఎప్పుడూ నాలుగు నాలుగుగా పోదు. ఏడుకు పోతుంది, ఐదుకు పోతుంది. హాస్టల్లో మిగతావాళ్ళు కాలితో తాళం వేయబోయి తప్పేవాళ్ళు. మాకు అంత కష్టం అనిపించలేదు. ఎందుకంటే మన పాత కీర్తనల పుస్తకంలో కొన్ని పాటల నెత్తిన రాగం పేరు పక్కనే చాపు అనో, త్రిపుట అనో రాసి ఉంటుంది. అవి ఏడు లెక్కలే. చదువు రాని మా నాయనమ్మ చప్పట్లతో తప్పు లేకుండా నడిపేది. ఇవాళ కీబోర్డులో బీటు నొక్కి ఆ కీర్తనలన్నిటినీ నాలుగులోకి తొక్కేస్తున్నాం. అది వేరే బాధ, ఇంకోసారి రాస్తాం.

పాయింట్ ఆఫ్ నో రిటర్న్ 1977 అక్టోబరులో వచ్చింది. నో అంటే కాదు, లేదు అనే నో అనుకునేరు. తెలుసుకోవడం అనే నో. ఇంగ్లీషులో పలకడం ఒకటే, స్పెల్లింగ్ వేరు. తిరిగి రాలేని చోటు అనే మాటను తెలుసుకునే చోటుగా తిప్పారు. అట్ట మీద సముద్రం అంచు దాటి కిందికి జారిపోతున్న ఓడ బొమ్మ. మా కేసెట్టుకు అట్ట లేదు గనక ఆ బొమ్మను మేము ముప్పై ఏళ్ళకు గాని చూడలేదు.

మొత్తం పది పాటలు. మొదటి వైపు ఆరు, రెండో వైపు నాలుగు. రెండో వైపు మొదటి పాట డస్ట్ ఇన్ ద విండ్. అంటే గాలిలో దుమ్ము. మొత్తం కేసెట్టులో నెమ్మదైన పాట అదే. డ్రమ్ములు లేవు. వేళ్ళతో ఒక్కొక్క తీగా మీటుతూ గిటారు, దాని మీద గొంతు, మధ్యలో వయొలిన్. మాకు మాటలు అర్థమైన పాట కూడా అదొక్కటే. మనిషి, అతని కలలు, అతని డబ్బు అన్నీ చివరికి దుమ్మే అని దాని సారాంశం. ఇరవై ఏళ్ళ వయసులో ఆ దిగులు భలే బాగుంటుంది. మనకేమీ పోలేదు గనక.

మేము ఆ ఒక్క పాటే విన్నాం. కేసెట్టు రెండో వైపు పెట్టడం, పాట అయిపోగానే వెనక్కి తిప్పడం, మళ్ళీ పెట్టడం. మొదటి వైపు ఆరు పాటలు ఒకటి రెండు సార్లు కంటే ఎక్కువ తిరగలేదు. కొన్నాళ్ళకు ఆ చోట టేపు సాగిపోయి గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు వినపడటం మొదలైంది. ఏడాది తిరిగేసరికి మాకూ మొహం మొత్తింది. ఇంకెవరైనా పెడితే లేచి బయటికి వెళ్ళేవాళ్ళం. కేసెట్టు పెట్టెలోకి పోయింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి.

ఆ తర్వాత రెండేళ్ళకు ప్రభువు పిలుపు అందుకుని బైబిల్ తర్ఫీదుకు వెళ్ళాం. అక్కడ ఒక ఉజ్జీవ కూటంలో ఒక సేవకులు రాక్ సంగీతం మీద గట్టిగా మాట్లాడారు. లోక సంగీతం విడిచిపెట్టినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పమన్నారు. మేము లేచాం. ప్రాణంలా ప్రేమించిన పాటల్ని ప్రభువు కోసం త్యాగం చేశామని చెప్పాం. అందరూ స్తోత్రం అన్నారు. ఆ సాక్ష్యాన్ని తర్వాత ఎన్ని ఊళ్ళలో ఎన్నిసార్లు చెప్పామో లెక్క లేదు. మాచర్లలో చెప్పాం, గురజాలలో చెప్పాం, మన మందిరంలోనే యవ్వనస్థుల కూడికల్లో చాలాసార్లు చెప్పాం. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

అది నిజం కాదు, ప్రియులారా. విడిచిపెట్టడానికి అప్పటికి మా చేతిలో ఏమీ మిగల్లేదు. విసుగొచ్చి పక్కన పడేసినదాన్ని త్యాగం అని చెప్పుకున్నాం. చిరిగిపోయిన చొక్కా కానుకల పెట్టెలో వేసి దశమభాగం ఇచ్చామని చెప్పుకున్నట్టు. ఇన్నేళ్ళూ అది మాకు పెద్ద తప్పుగా తోచలేదు. దాని వల్ల ఒకరికి దెబ్బ తగిలాక తోచింది.

రెండేళ్ళ క్రితం మన సంఘంలో ఒక సహోదరుడు చనిపోయారు. పిడుగురాళ్ళ సున్నం బట్టీల్లో చాలా ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆదివారం మందిరానికి వచ్చినప్పుడు కూడా చెవుల వెనకాల ఆ తెలుపు పూర్తిగా పోయేది కాదు. ఆయన కొడుకు మన మందిరంలో గిటారు వాయించేవాడు. ఆ తమ్ముడి పేరు రాయడం లేదు. రాయనా అని అడిగితే పేరు వద్దు, సంగతి రాయండి అన్నాడు.

సమాధి దగ్గర మట్టి పోయడం అయిపోయి అందరూ కదులుతుంటే మా పక్కకొచ్చి నిలబడ్డాడు. "అయ్యగారూ, నిన్న పొద్దున నాతో మాట్లాడిన మనిషి ఇప్పుడు ఏవైపోయాడు?" అని అడిగాడు. ఏడవటం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. మేము భుజం మీద చెయ్యేసి, నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడకూడదు బాబూ అని వాక్యం చెప్పాం. పునరుత్థానం గురించి రెండు మాటలు చెప్పాం. అవతల టెంటు వాళ్ళు డబ్బుల కోసం నిలబడి ఉన్నారు. మొత్తం ఒక నిమిషం పట్టిందేమో. "సరే అయ్యగారూ" అన్నాడు.

ఆదరణ కూడిక ముందురోజు రాత్రి ఆ తమ్ముడు వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. ముఖం లేదు, మంచం మీద గిటారు, రెండు చేతులు, అంతే. అర నిమిషం. మొదటి నాలుగు తీగలకే మాకు తెలిసిపోయింది అదే పాట అని. యూట్యూబులో వేళ్ళతో మీటడం నేర్చుకునే ప్రతివాళ్ళూ ముందుగా పట్టే పాటల్లో అదొకటని అప్పుడు మాకు తెలియదు. మాకు తెలిసిందల్లా అది మేము విడిచిపెట్టిన పాట అని.

మర్నాడు ఆదరణ కూడికలో పేరు చెప్పకుండా చెప్పాం. తండ్రి పరలోకంలో విశ్రాంతి తీసుకుంటుంటే కొడుకు దుమ్ము, గాలి అని లోకపు పాటలు పాడుకోవడం సాక్ష్యం కాదన్నాం. ఈ పాటలు మాకు తెలియనివి కావు, వీటిని ప్రభువు కోసం ఎప్పుడో త్యాగం చేశాం అన్నాం. ఆ మాట అంటున్నప్పుడు గొంతు కాస్త ఎక్కువే లేచింది. పేరు చెప్పకపోయినా ఆ పందిట్లో తెలియనివాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళమ్మ తల దించుకుంది.

ఆ తర్వాత ఆ తమ్ముడు మందిరానికి రాలేదు. గిటారు మందిరానిది. వేదిక పక్కన కవరులోనే ఉండిపోయింది. సున్నాలు వేసేవాళ్ళు దాన్ని కూడా బయట పెట్టారు.

కేసెట్టు దొరికిన రోజు విందామంటే ఇంట్లో టేప్ రికార్డర్ లేదు. పక్కింటివాళ్ళ టూ ఇన్ వన్ తెచ్చాం గాని లోపల బెల్టు కరిగి జిగురైపోయింది. చివరికి మా అబ్బాయి ఫోనులో ఆ ఆల్బమ్ మొత్తం తీసి ఇచ్చాడు. బుధవారం మాచర్లలో పాస్టర్ల ఫెలోషిప్ ఉంది. పిడుగురాళ్ళలో ప్యాసింజరు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, మొదటి పాట నుంచి మొదలుపెట్టాం. ఆ ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా మేము వినడం అదే మొదటిసారి. ముప్పై ఏళ్ళుగా ఆ ఆల్బమ్ మాకు తెలుసనుకుంటున్నాం.

మొదటి పాట ఆ ఓడ గురించే. అంచు దాటి వెళ్ళిపోయినవాడి కోసం ఇంటిదగ్గర ఎదురు చూస్తున్నవాళ్ళ ఊసు కూడా ఉంది అందులో. మూడోది మాటలు లేని చిన్న ముక్క, రెండు నిమిషాలు, సాలెపురుగు అని పేరు. వేళ్ళు అలాగే పరిగెత్తుతాయి. నాలుగోది ఐన్‌స్టీన్‌ను తలుచుకుని రాసింది. ఐదోది హోవర్డ్ హ్యూస్ అనే అమెరికా కోటీశ్వరుడి గురించి. విమానాలు, సినిమాలు, లెక్కలేనంత డబ్బు ఉండి, చివరి ఏళ్ళలో హోటలు గదుల్లో తలుపులేసుకుని ఎవరికీ కనపడకుండా బతికి, 1976లో పోయాడు. లూకా 12లో కొట్లు పడగొట్టి పెద్దవి కట్టిద్దామనుకున్న ధనవంతుడి మీద మేము ఏటా కోతల పండగకి ప్రసంగం చేస్తాం. ఆ పాట వింటే ఆ ధనవంతుడు కొట్లు కట్టాక లోపల కూర్చుని గడియ పెట్టుకున్నట్టు అనిపించింది.

ఆరో పాట లైట్నింగ్స్ హ్యాండ్. మెరుపు నా చెప్పుచేతల్లో ఉందని ఒకడు విర్రవీగే పాట. మొత్తం ఆల్బమ్‌లో మోత ఎక్కువ ఉన్నది అందులోనే. చెవులు గింగురుమన్నాయి. నడికుడిలో బండి ఆగినప్పుడు అది అయిపోయింది. ఫోనులో వైపు మార్చే పని లేదు గనక వెంటనే తర్వాతి పాట ఎత్తుకుంది. ఆ మోత అయిపోయిన మరుక్షణం గిటారు మీద ఒక్కొక్క తీగా.

మాకు ఒళ్ళు జలదరించింది. ఆ పాట నెమ్మదిగా ఉంటుందని తెలుసు. దేని తర్వాత నెమ్మదిగా ఉంటుందో తెలియదు. ఏలీయా కొండ మీద నిలబడినప్పుడు గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, అగ్ని వచ్చింది, వాటన్నిటి తర్వాత ఒక మెల్లని స్వరం. రాజులు మొదటి గ్రంథం 19లో ఆ మెల్లని స్వరాన్ని మాత్రం కత్తిరించి చదివితే ఏమి తెలుస్తుంది? ఒక్క పాటనే తెగిపోయేదాకా తిప్పి, అది మాకు విసుగు పుట్టించిందని అన్నాం. పాటకు ముందున్నదాన్ని మేమెప్పుడూ విననే లేదు.

మిగిలిన మూడింటిలో ఒకటి ఇప్పుడు కూడా మాకు ఎక్కలేదు. దాని పేరెందుకులెండి. తొమ్మిదోది మాత్రం మనసు పట్టింది. ఎక్కడి నుంచో ఒకడు ఈ భూమికి వచ్చి చూస్తే ఇక్కడ ఎవరూ ఉండరు. ఇల్లు ఉంది, మనుషులు లేరు. గురజాల దాటాక బండి పక్కన తలుపులకు తాళాలేసిన ఇళ్ళు కనపడుతూ ఉన్నాయి. పనులకు వెళ్ళినవాళ్ళవి.

డస్ట్ ఇన్ ద విండ్ రాసింది బృందంలో గిటారు, కీబోర్డు వాయించే కెర్రీ లివ్‌గ్రెన్. రాద్దామని కూర్చుని రాసింది కాదు. వేళ్ళతో మీటడం అలవాటు చేసుకోవడానికి ఒక వరస తయారుచేసుకుని ఇంట్లో సాధన చేస్తుంటే, ఆయన భార్య విని, బాగుంది, దీనికి మాటలు రాయకూడదా అన్నారట. అప్పటికి ఆయన చదువుతున్న అమెరికా ఆదివాసుల కవిత్వపు పుస్తకంలో దుమ్ము, గాలి అన్న మాట పట్టుకుంది. మా బృందానికి ఇలాంటి నెమ్మది పాట సరిపడదని ఆయనే అనుకున్నారట. 1978లో అది అమెరికా పాటల పట్టికలో ఆరో స్థానానికి వెళ్ళింది. వాళ్ళ పాటల్లో అంత పైకి వెళ్ళింది మరొకటి లేదు.

మేము తెలుసుకుని నివ్వెరపోయింది మాత్రం ఆ తర్వాతి సంగతి. ఈ ఆల్బమ్ వచ్చే నాటికి లివ్‌గ్రెన్ విశ్వాసి కాదు. వెతుకుతున్న మనిషి. తూర్పు దేశాల మతాలు, ఎక్కడెక్కడి గ్రంథాలు తిరగేశాడు. 1979లో కచేరీల కోసం ఊళ్ళు తిరుగుతుండగా, వాళ్ళకు ముందు వాయించే ల రూ అనే బృందంలో జెఫ్ పొలార్డ్ అనే గాయకుడు విశ్వాసి. బస్సులో ఇద్దరికీ రోజుల తరబడి వాదన. ఎవరు యేసు, ఎందుకు నమ్మాలి అని. ఆ వాదన తర్వాత ఒక హోటలు గదిలో లివ్‌గ్రెన్ ప్రభువును అంగీకరించాడు. బృందంలో బేస్ గిటారు వాయించే డేవ్ హోప్ కూడా విశ్వాసంలోకి వచ్చి, కొన్నేళ్ళకు ఆంగ్లికన్ సంఘంలో పాదిరి అయ్యాడు. బృందంలో అందరికీ ఇది నచ్చలేదు, పాటల మాటల దగ్గర పేచీ వచ్చి 1981లో ప్రధాన గాయకుడు స్టీవ్ వాల్ష్ కొన్నాళ్ళు బయటికి వెళ్ళిపోయాడు. ఇవన్నీ తీపి కథలేమీ కావు.

మమ్మల్ని ఆపింది ఒక్కటే. ప్రశ్న 1977లోది. జవాబు 1979లోది. నడుమ రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ జెఫ్ పొలార్డ్ లాంటివాళ్ళు ఎవరూ ఆ మనిషిని పందిట్లో నిలబెట్టి తిట్టలేదు. బస్సులో పక్కన కూర్చుని వాదించాడు.

మాచర్లలో ఫెలోషిప్‌లో ఎవరు ఏం మాట్లాడారో మాకు సగం ఎక్కలేదు. బైబిలు తెరుచుకుని కూర్చున్నాం. ప్రసంగి 3లో మనిషీ పశువూ ఒకే మట్టికి పోతాయని రాసినవాడు, మనిషి ఊపిరి పైకి పోతుందో లేదో ఎవరికి తెలుసని అక్కడే అడుగుతాడు. జవాబు చెప్పడు. పన్నెండో అధ్యాయం దాకా ఆగాలి. నడుమ ఎనిమిది అధ్యాయాలు ఆ ప్రశ్న అలాగే ఉంటుంది, దేవుని గ్రంథంలో, ఎవరూ దాన్ని కొట్టేయలేదు. కీర్తన 78లో 39వ వచనం చూడండి. దేవుడు వాళ్ళను తలుచుకున్నది ఎలాగని ఉంది? పోతే వెనక్కి రాని గాలిగా. కీర్తన 103లో 14వ వచనంలో మనం మట్టి అన్న సంగతి గుర్తుంచుకున్నది ఆయనే. జాలిపడటానికి గుర్తుంచుకున్నాడు. ఆ తమ్ముడు గిటారు మీద వాయించింది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. ఈ వచనాలు సమాధుల దగ్గర మేము చదవం. 23వ కీర్తన చదువుతాం. కేసెట్టులో ఆ ఒక్క పాట తిప్పినట్టే.

శనివారం సాయంత్రం మేమూ అమ్మగారూ పిడుగురాళ్ళ వెళ్ళాం. గిటారు, కేసెట్టు రెండూ తీసుకెళ్ళాం. వాళ్ళమ్మ ముగ్గు మిల్లు నుంచి అప్పుడే వచ్చింది, మోచేతుల దాకా తెల్లగా ఉంది. "అయ్యో, కబురు చేస్తే కాస్త ముందే వచ్చేదాన్ని గదండీ, కూచోండి" అని కుర్చీ తుడిచింది. అమ్మగారు ఆమెతో లోపలికి వెళ్ళారు. తమ్ముడు ఇప్పుడు ఒక మొబైల్ షాపులో పని చేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు గాని వందనాలు అనలేదు.

దారి పొడుగునా అనుకున్న మాటలు నోటికి రాలేదు. కేసెట్టు చేతికిచ్చాం. "ఇది మాది. మేమూ ఆ పాటే వాయించుకునేవాళ్ళం. త్యాగం చేశామని పందిట్లో చెప్పింది అబద్ధం బాబూ, విసుగొచ్చి మానేశాం. నిన్ను అన్నది తప్పు. సమాధి దగ్గర నువ్వడిగినదానికి మేము జవాబు చెప్పలేదు, నోరు మూయించాం" అన్నాం.

చాలాసేపు ఏమీ అనలేదు. కేసెట్టును వెలుతురుకు ఎత్తి చూశాడు. ఒక చోట టేపు బయటికి వచ్చి మడత పడి ఉంది. జేబులోంచి పెన్ను తీసి చక్రంలో పెట్టి నెమ్మదిగా తిప్పి లోపలికి లాగాడు. "దీనికి రెండు వైపులా పాటలుంటాయా?" అని అడిగాడు. ఉంటాయన్నాం. "మీరు ఇది ఎటు వైపు ఎక్కువ విన్నారో తెలుస్తా ఉందండీ" అన్నాడు. ఆ చోట టేపు రంగు మారి ఉంది.

తర్వాత అన్నాడు, "మా నాన్న ఆ పాట వినేవాడయ్యగారూ. ఇంగ్లీషు రాదుగా, గిటారు మాత్రం వినేవాడు. ఇంకోసారి వాయించరా అనేవాడు. అందుకే పెట్టాను స్టేటస్సు."

మాకు ఆ మాట తర్వాత కూర్చోవడం కష్టమైంది. అమ్మగారు లోపలి నుంచి టీ తెచ్చి ఇచ్చారు, తాగాం. ప్రార్థన చేద్దామా అని అడగలేదు. వాళ్ళమ్మే అడిగింది, చేశాం. తమ్ముడు గిటారు కవరు విప్పి, తీగలు తుప్పు పట్టాయి, నరసరావుపేట వెళ్ళినప్పుడు కొత్తవి తెస్తానన్నాడు. గిటారు అక్కడే వదిలి వచ్చాం.

మర్నాడు ఆదివారం మందిరంలో పాత సాక్ష్యం సంగతి సంఘం ముందు చెప్పాం. వచ్చినవాళ్ళు విన్నారు. ఊళ్ళలో లేనివాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాం. ఆ రోజు తమ్ముడు రాలేదు. ఆ తర్వాతి ఆదివారం వాళ్ళమ్మ వచ్చింది, వాడు రాలేదు.

నిన్న రాత్రి పదకొండు దాటాక ఫోనులో మెసేజి వచ్చింది. "అయ్యగారూ, మొదటి వైపు కూడా విన్నాను. నాలుగో పాట ఎవరి గురించండీ?" అని. నాలుగోది ఐన్‌స్టీన్ మీద రాసింది. లివ్‌గ్రెన్ కొన్నేళ్ళ తర్వాత అదే పాటను మళ్ళీ తీసుకుని, మాటలు మార్చి, యేసు ప్రభువును గురించిన పాటగా చేశాడు. అదంతా టైపు చేయబోయి ఆగాం. గురువారం కాటేజ్ ప్రేయర్ పిడుగురాళ్ళలోనే ఉంది. అది అయ్యాక వస్తామని మాత్రం రాశాం.

"తీగలు తెచ్చాను" అని జవాబు పెట్టాడు.